శనివారం ఆగే అంబాసిడర్

శనివారం ఉదయం పదిన్నరకు పెనుగొలను జగన్నాథరావు గారి అంబాసిడర్ కారు ఒక జత ఎడ్ల వెనక నడుచుకుంటూ తిరువూరు బస్టాండు ముందుకు వచ్చింది. వరసగా ఇది నాలుగో శనివారం.

ముందు సీట్లో డ్రైవరు అంకారావు స్టీరింగు పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, ఎదర ఊగుతున్న ఎడ్ల తోకలనే చూస్తూ కూర్చున్నాడు. వెనక సీట్లో జగన్నాథరావు గారు పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉందని తర్వాత కొందరు అన్నారు గాని, అది బస్టాండు వాళ్ళు కల్పించిన మాట. ముందు బంపరుకు కట్టిన మోకు సాగి ఉంది. పక్కన ములుగర్ర పట్టుకుని ఎడ్ల యజమాని ఏసోబు నడుస్తున్నాడు. బస్టాండు దాటగానే ఎడ్లు, ఎవరూ అదిలించకుండానే, కుడివైపు తిరిగి మౌలాలి షెడ్డు ముందు ఆగాయి.

"చూశావా మౌలాలన్నా, మా ఎడ్లకు నీ షాపు తెలిసిపోయింది," అన్నాడు ఏసోబు మోకు విప్పుతూ. "వచ్చేవారం నాకు దుక్కి పనుంది. నేను రాకపోయినా పర్లేదులే, ఇవే తోలుకొస్తాయి."

ఎదురుగా శాంతయ్య టీ హోటల్లో బెంచీల మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. మౌలాలి నవ్వలేదు. షెడ్డు చూరుకు కొట్టిన బోర్డు వైపు ఒకసారి చూసుకున్నాడు. ఆకుపచ్చ రేకు మీద తెల్ల అక్షరాలతో 'మౌలాలి ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్' అని ఉంటుంది.

మౌలాలికి అప్పటికి నలభై రెండేళ్ళు. వాళ్ళ నాన్న జట్కా తోలేవాడు. జట్కాకు గుర్రం ఉంటే చాలు, కారుకు కరెంటు కూడా కావాలని తెలుసుకున్న రోజున మౌలాలి బెజవాడ వెళ్ళి ఒక ఉస్తాద్ దగ్గర చేరాడు. తొమ్మిదేళ్ళు చేశాడు. అందులో మొదటి రెండేళ్ళూ బ్యాటరీలు మొయ్యడమే. తిరిగొచ్చి తిరువూరులో షెడ్డు వేసి, బోర్డు మాత్రం బెజవాడలోనే రాయించుకుని బస్సు టాపు మీద తెచ్చుకున్నాడు. లారీల హారన్లు, బస్సుల లైట్లు, ట్రాక్టర్ల సెల్ఫులు, ఏది కూనిరాగం తీసినా ఆ చుట్టుపక్కల అతని దగ్గరికే రావాలి. పనిముట్లు పెద్దగా లేవు. ఒక స్క్రూడ్రైవరు, నాలుగు స్పానర్లు, గరుకు కాగితం, రెండు వైర్లు తగిలించిన ఒక చిన్న బల్బు. కరెంటు ఉందో లేదో ఆ బల్బే చెబుతుంది. మీటర్లను అతను నమ్మడు. "మీటరు ముల్లు అటూ ఇటూ ఊగుద్దండీ, రాజకీయ నాయకుడి లాగ. బల్బుకు రెండే మాటలు, ఉంది, లేదు," అంటాడు.

పనికన్నా మాట ఎక్కువ. వాహనాన్ని మనిషిగా వర్ణించి చెప్పడం అతనికి సరదా. బ్యాటరీ కడుపు, వైర్లు నరాలు, హారను గొంతు, డైనమో వంటింట్లో ఆడమనిషి. యజమానులు నోళ్ళు తెరుచుకుని వింటారు. రిపేరు అర్థంకాకపోయినా తమ కారుకు కడుపు, నరాలు ఉన్నాయని తెలిసి సంతోషంగా ఇళ్ళకు వెళతారు.

ఈ అంబాసిడర్ జబ్బు మాత్రం చెప్పడానికి తేలిక, పట్టుకోవడానికి కష్టం. కారు ఇంటిదగ్గర బాగానే స్టార్టవుతుంది. మూడు మైళ్ళు వచ్చాక దగ్గి, తుమ్మి, ఆగిపోతుంది. కారణం పెట్రోలు రాకపోవడం. బోనెట్టు కింద, వెనక గోడకు బిగించిన కరెంటు పంపు ఒకటి ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకు ఇస్తుంది. తాళం తిప్పగానే టక్ టక్ టక్ మని కొట్టుకోవాలి. అది కొట్టుకోవడం లేదు. మొదటి వారం అంకారావు స్పానరుతో దాని నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తే కదిలింది గాని, రెండు ఫర్లాంగులు పోయి మళ్ళీ ఆగింది. రెండోవారం నుంచి మొట్టికాయలకు కూడా లొంగలేదు.

మౌలాలి నాలుగోసారి కూడా అదే వరస చేశాడు. బల్బు వైరు ఒకటి ఇంజనుకు ఆనించి, రెండోది పంపుకు వచ్చే వైరుకు ఆనించాడు. బల్బు భేషుగ్గా వెలిగింది. కరెంటు వస్తోంది గనక తప్పు పంపులోనే ఉండాలి. పంపు విప్పాడు, లోపల నిప్పురవ్వలు కొట్టే ముక్కులను గరుకు కాగితంతో రుద్దాడు, మళ్ళీ బిగించాడు. తాళం తిప్పితే టక్ టక్ టక్.

"ఇట్లాగే పోయినవారం కూడా టక్ టక్ అంది," అన్నారు జగన్నాథరావు గారు పేపరు మడుస్తూ.

"అన్నదండి."

"అంతకుముందు వారమూ అంది."

"అవునండి."

"చూడు మౌలాలీ. పెట్రోలు ధర మండిపోతుంటే వారానికి ఒక్కరోజు, సొసైటీ పనిమీద ఈ కారు బయటికి తీస్తున్నాను. ఆ ఒక్కరోజూ నా కారు కన్నా ముందు ఏసోబు ఎడ్లు తిరువూరు చేరుతున్నాయి. ఇంకొక్క వారం చూస్తాను. తర్వాత బండిని బెజవాడ పంపిస్తా."

మౌలాలి మనసులో లెక్క కట్టుకున్నాడు. జగన్నాథరావు గారి కారు బెజవాడ వెళితే దాని వెనకే లారీలు వెళతాయి, లారీల వెనక ట్రాక్టర్లు వెళతాయి. ఇక తిరువూరులో తాను బల్బు పట్టుకుని ఎవరి ముఖం వెతకాలి?

హోటల్లోంచి శాంతయ్య గొంతు వినబడింది. "శనివారం శనివారం ఆగడం ఏంటయ్యా? అది కరెంటు కాదు, శని. నూనె దీపం పెట్టించండి."

"కారుకు శనేంటి శాంతయ్యా!" అని మౌలాలి రోడ్డు మధ్యకు వచ్చాడు. "విను. అందరూ వినండి. వచ్చే శనివారం ఈ బండి తన కాళ్ళ మీద తాను ఇక్కడికి రాకపోతే, నా బోర్డు నేనే దించేస్తా. తీసుకెళ్ళి నీ పొయ్యిలో పెట్టుకో."

"రేకు బోర్డు పొయ్యిలో ఏం మండుద్ది, పొయ్యి మీద కప్పుకుంటా. వానకు పనికొస్తుంది," అన్నాడు శాంతయ్య. అక్కడున్న పద్నాలుగు మందీ సాక్షులయ్యారు.

బుధవారం దాకా మౌలాలికి అన్నం సయించలేదు. తప్పు దొరకనిదే తిండి తినబుద్ధి కాకపోవడం అతనికి బెజవాడ నుంచీ ఉన్న జబ్బు. భార్య అబీదా మూడురోజులు చూసి నాలుగోరోజు కంచం ముందు నిలబడింది.

"ఏవండీ, ఆ కారు శనివారమే ఆగుద్దంటున్నారు. శుక్రవారం దానికేం చేస్తున్నారో చూశారా?"

"శుక్రవారం అది కదలదే. కొట్టంలో ఉంటుంది."

"పొద్దున పాలు విరిగితే పాలనడుగుతామా? రాత్రి గిన్నె ఎవరు కడిగారో అడుగుతాం."

మౌలాలి ఆమె వంక తేరిపార చూశాడు. తొమ్మిదేళ్ళలో ఉస్తాద్ ఈ ముక్క చెప్పలేదు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా అతను షెడ్డు తియ్యడు. కాబట్టి తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని పెనుగొలను చేరాడు. జగన్నాథరావు గారు పొలం వెళ్ళారు. ఒకప్పుడు గేదెలుండే కొట్టంలో ఇప్పుడు కారు ఉంటోంది. దానికి ఎదురుగా నాపరాయి మీద కూర్చుని, లోపలినుంచి వచ్చిన కాఫీ తాగుతూ మౌలాలి కాపు కాశాడు. అంకారావు కారు అద్దాలు తుడిచాడు. టైర్లు తన్ని చూశాడు. అందులో అనుమానించదగ్గది ఏమీ లేదు.

తర్వాత అంకారావు ఎవరూ చెప్పకుండానే బోనెట్టు ఎత్తి, కడ్డీ ఆనించి, చెప్పులు విడిచి పక్కకు తప్పుకున్నాడు.

ఇంట్లోంచి జగన్నాథరావు గారి తల్లి నాగేశ్వరమ్మ గారు వచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషి, తలస్నానం చేసి ముడి వేసుకుని ఉన్నారు. ఒక చేతిలో ఇత్తడి చెంబు, రెండో చేతిలో పసుపుకుంకుమల పళ్ళెం. నేరుగా బోనెట్టు కిందికి వంగి, చెంబెడు నీళ్ళూ పెట్రోలు పంపు మీద పోశారు. గడప కడిగినట్టు అరచేత్తో రుద్ది కడిగారు. తడి ఆరకముందే పసుపు మెత్తారు. మూడు కుంకుమ బొట్లు పెట్టారు. పైన ఒక నందివర్ధనం పువ్వు ఉంచి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

కాఫీ మౌలాలి గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడింది.

"అంకారావూ!" అన్నాడు దగ్గు ఆపుకుంటూ. "నాలుగు వారాల నుంచి అడుగుతున్నానే, ఈ పంపును ఎవరన్నా ముట్టుకున్నారా అని! ఎవరూ లేదన్నావే!"

"ఎవరూ ముట్టుకోలేదుగా."

"మరి ఇదేంటి?"

"పెద్దమ్మగారు కదా. పూజ చెయ్యడం ముట్టుకోవడం ఎట్లా అవుద్ది?"

"చెంబెడు నీళ్ళు పోశారయ్యా!"

"నీళ్ళు పొయ్యకుండా పూజేంటి? నీకు తెలీదులే."

మౌలాలి సంచీలోంచి బల్బు తీశాడు. ఈసారి ఒక వైరు ఇంజనుకు కాకుండా పంపు ఒంటికే, దాని పక్కనున్న చిన్న స్క్రూకు ఆనించాడు. కరెంటు వచ్చే దారి ఒకటైతే, తిరిగి పోయే దారి ఈ స్క్రూ. రెండోది లైను వైరుకు పెట్టి, అంకారావును తాళం తిప్పమన్నాడు. బల్బు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది. ఇంజనుకు ఆనిస్తే వెలిగింది. స్క్రూకు ఆనిస్తే మళ్ళీ లేదు.

స్క్రూ విప్పి చూస్తే కింద ఆకుపచ్చటి చిలుం, దానిమీద పసుపు పేరుకుని గచ్చులా ఉంది. మౌలాలికి అంతా తెలిసిపోయింది. కరెంటు వస్తోంది, పోయే దారి మూసుకుపోయింది. మొదట ఆ చిలుం పట్టడానికి నెలలు పట్టి ఉంటుంది. తర్వాత తాను విప్పిన స్క్రూ కిందికి ప్రతి శుక్రవారం కొత్త పసుపునీళ్ళు హాయిగా దిగాయి. ఇంట్లో ఎలాగో నెట్టుకొచ్చినా, మూడు మైళ్ళ కుదుపులకు అంటీ అంటని ఆ స్క్రూ పూర్తిగా చేతులెత్తేసేది. పోనీ నాలుగుసార్లూ జబ్బు నయం చేసింది తానేనా అంటే అదీ కాదు. లోపలి ముక్కులు రుద్దడం శుద్ధ దండగ. పంపు ఊడదియ్యడానికి అడ్డమొచ్చిన స్క్రూను విప్పి, మళ్ళీ బిగించడమే వైద్యం. అసలు వైద్యం తన చేతుల మీదుగానే జరిగింది, తనకు తెలియకుండా. తొమ్మిదేళ్ళు బ్యాటరీలు మోసిన మనిషికి ఇది మింగుడుపడే సంగతి కాదు.

"ఏం మౌలాలీ, అట్లా గుడ్లు మిటకరిస్తున్నావు?" అన్నారు నాగేశ్వరమ్మ గారు.

"అమ్మగారూ... ఇంత బండి ఉంటే దీనికే ఎందుకమ్మా పసుపు?"

"నువ్వే కదయ్యా చెప్పావు."

"నేనా!"

"దసరా ముందు హారను బాగుచెయ్యడానికి వచ్చావు. ఇంత ఇనుములో ప్రాణం ఎక్కడుంటుంది మౌలాలీ అని అడిగాను. నన్ను పిలిచి, ఇక్కడ చెవి పెట్టి వినమన్నావు. టక్ టక్ మంటుంటే, 'ఇదేనమ్మా దీని గుండె, ఇది కొట్టుకున్నంతసేపే బండి' అన్నావు. గుండె ఎక్కడుందో తెలిశాక బంపరుకు బొట్టు పెట్టి ఊరుకుంటానా? నా కొడుకు ఎక్కే బండి."

మౌలాలికి గుర్తొచ్చింది. చెప్పాడు. చెప్పడమే కాదు, ఆ మాట బాగా కుదిరిందని అదే సాయంత్రం శాంతయ్య హోటల్లో కూడా చెప్పుకున్నాడు.

నిజం చెబితే పెద్దావిడ నొచ్చుకుంటుంది. చెప్పకపోతే రేపు బోర్డు దిగుతుంది. రెండింటి మధ్య ఇరుక్కున్న మౌలాలి తనకు బాగా అలవాటైన దారి పట్టాడు.

"అదేంటంటే అమ్మా, మొన్న గుండె పని తగ్గించేశాను. ఇప్పుడు ప్రాణం బ్యాటరీలో ఉంది."

"ఓహో. పరకాయప్రవేశం చేసిందా?"

"అలాగే అనుకోండి."

"ఏదీ ఆ బ్యాటరీ?" అంటూ నాగేశ్వరమ్మ గారు చెంబు అంకారావుకిచ్చారు. "మళ్ళీ నిండా తెచ్చిపెట్టరా."

అంకారావు బావివైపు పరుగెత్తాడు. నీళ్ళచెంబు తిరిగి వచ్చేసరికి మౌలాలి బ్యాటరీకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు.

"వద్దమ్మా! దండం పెడతా, వద్దు! ప్రాణం లేదు, గుండె లేదు, ఏమీ లేదు. అది పెట్రోలు పంపు. దానిమీద నీళ్ళు పడితే చిలుం పడుద్ది, కరెంటు ఆగుద్ది, బండి ఆగుద్ది. అంతే."

నాగేశ్వరమ్మ గారు చెంబును అంకారావు చేతిలోనే వదిలేసి మౌలాలి వైపు తిరిగారు.

"అంటే నా కొడుకు నాలుగు వారాలు ఎడ్ల వెనక ఊరేగింది నీ నోటి మూలంగానా?"

"నా నోరు, మీ చెంబు, రెండూ కలిసి..."

"చెంబునేమీ అనకు. గుండె అని చెప్పినవాడివి, గుండెకు నీళ్ళు పడవని కూడా చెప్పాలి. సగం వైద్యం చెప్పే వైద్యుడు రోగం కన్నా చెడ్డవాడు." ఆమె పళ్ళెం అందుకున్నారు. "సరే. మరి బొట్టు ఎక్కడ పెట్టను? బొట్టు లేకుండా బండి వాకిలి దాటదు."

"ముందు బంపరుకు పెట్టండమ్మా. బిందెడు పోసినా దానికేం కాదు."

"బంపరు దీనికి ఏం అవయవం?"

మౌలాలికి నాలుక చివరిదాకా వచ్చింది. నుదురు అనబోయాడు, మూతి అనబోయాడు. పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

"బంపరు బంపరేనమ్మా."

స్క్రూను, దాని అడుగును గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, గట్టిగా బిగించి, గ్రీజు పూసి, పైన ట్యూబు రబ్బరు ముక్క చుట్టాడు. పదకొండు గంటల బస్సుకు బయల్దేరుతూ చేతులు కట్టుకున్నాడు. "అమ్మగారూ, ఈ సంగతి బాబుగారికి..."

"నేనెందుకు చెబుతానయ్యా! నాకదే పనా?" అన్నారు నాగేశ్వరమ్మ గారు.

శనివారం పొద్దున తొమ్మిదికే శాంతయ్య తన హోటల్లోని నిచ్చెన తెచ్చి మౌలాలి షెడ్డు చూరుకు ఆనించాడు. పద్నాలుగు మంది సాక్షులు ముప్పైమంది అయ్యారు. పదిన్నర అయింది, కారు లేదు. పదకొండుకు శాంతయ్య నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, "నువ్వెక్కుతావా, నేనెక్కనా?" అన్నాడు. మౌలాలి ఒక లారీ దీపం విప్పి చేతిలో పెట్టుకుని, అది దేనికి విప్పాడో మరిచిపోయి నిలబడ్డాడు. పదకొండుంబావుకు పెనుగొలను వైపు నుంచి హారను వినబడింది.

అంబాసిడర్ తన నాలుగు చక్రాల మీద తాను వచ్చి షెడ్డు ముందు ఆగింది. బంపరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పసుపు, దానిమీద వరసగా కుంకుమ బొట్లు. ఆలస్యానికి అదే కారణం. బంపరు పొడుగు. అంకారావు ఇంజను ఆపి, తాళం మళ్ళీ తిప్పి, పంపు టక్ టక్ మనడం అందరికీ వినిపించాడు.

మౌలాలి ఊపిరి పీల్చుకునే లోపల వెనక తలుపు తెరుచుకుని నాగేశ్వరమ్మ గారు దిగారు.

"దించుతానన్న బోర్డు ఏదయ్యా? అదేనా?" అని చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. తర్వాత దసరా ముందు హారను దగ్గర్నుంచి నిన్నటి బ్యాటరీ దాకా జరిగిందంతా, ఒక్క ముక్క వదలకుండా, ముప్పైమందికీ వినబడేలా చెప్పారు. బ్యాటరీకి అడ్డంగా మౌలాలి ఎలా నిలబడ్డాడో చేతులు చాచి చూపించారు కూడా.

జగన్నాథరావు గారికి ఈ సంగతి అప్పుడే తెలిసింది. ఆయన తల్లివైపు చూశారు. మౌలాలి వైపు చూశారు. ఇద్దరినీ ఏమీ అనలేక అంకారావును తిట్టారు.

"నేనేం చేశానండీ? బోనెట్టు ఎత్తాను," అన్నాడు అంకారావు.

శాంతయ్య నిచ్చెన వదల్లేదు. "బండి వచ్చింది, ఒప్పుకుంటా. కానీ తప్పు ఇతనిదేగా? బోర్డు దించాల్సిందే."

"తప్పు గురించి పందెం కాదు, బండి రావడం గురించి," అన్నాడొకడు. హోటలు రెండు వర్గాలైంది. సొసైటీలో తీర్మానాలు చదవడం అలవాటైన జగన్నాథరావు గారు చివరికి గొంతు సవరించుకున్నారు.

"బోర్డు ఉంటుంది. మౌలాలి అందరికీ టీ ఇప్పిస్తాడు. బండి బెజవాడ వెళ్ళదు."

"ఇంకొకటి," అన్నారు తల్లి. "ఇక ముందు ఎవరి బండికీ ఇతను అవయవాలు చెప్పకూడదు."

ముప్పైమందికీ టీలు పోసి శాంతయ్య నిచ్చెన తీసుకుపోయాడు.

ఇంత అప్రతిష్ఠ తర్వాత వారం పదిరోజులు షెడ్డుకు ఎవరూ రారని మౌలాలి అనుకున్నాడు. ఆదివారం బోర్డు తుడవలేదు కూడా. అయితే శనివారం పెద్దావిడ మాటలు విన్నవాళ్ళలో ఇద్దరు లారీ యజమానులు, ఒక ట్రాక్టరు యజమాని ఉన్నారు. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి భార్యలను ఆరా తీశారు. సోమవారం పొద్దున షెడ్డు ముందు రెండు లారీలు, ఒక ట్రాక్టరు నిలబడి ఉన్నాయి. మూడింటి బోనెట్ల కిందా పసుపు ఉంది.